ఖాళీ సొరబుర్ర

ఆ శిబిరంలో ఒళ్ళు చేసింది కుక్క ఒక్కటే.

దాని పేరు బాస్కో. మార్చి నెలలో డొక్కలు లెక్కపెట్టేలా ఉండేది. జూన్ వచ్చేసరికి మెడ దగ్గర మడత పడింది, నడిస్తే పొట్ట ఊగేది, గేటు దగ్గరికి కొత్తవాళ్ళొచ్చినా లేవడానికి బద్ధకించేది. ఇటెన్ ఊళ్ళో, కొండ అంచున, ఆరుగురు ఆడవాళ్ళు రెండు పూటలా పరుగెత్తే ఇల్లది. మనుషులందరూ పుల్లల్లా ఎండిపోతుంటే కుక్క మాత్రం ఎందుకు బలుస్తోందని అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. జెరూటోకు అనుమానం అక్కర్లేదు, ఆమెకు సంగతి తెలుసు.

జెరూటోకు ముప్పై ఒకటి. శిబిరంలో అందరికన్నా పెద్దది. ఇరవై ఏళ్ళప్పుడు పేరు తెచ్చుకుంది, పాదం విరగ్గొట్టుకుంది, పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి వదిలేసింది, కూతుర్ని తల్లి దగ్గర పెట్టి మళ్ళీ బూట్లు కట్టుకుంది. కోచ్ సిర్మా ఆ సంవత్సరం మొదట్లోనే ఆమెతో మొహం మీద చెప్పేశాడు.

"అక్టోబరులో విదేశంలో మారథానుకు నా దగ్గరనుంచి ఒక్కళ్ళే వెళ్తారు. సెప్టెంబరు మొదటి శనివారం ముప్పై కిలోమీటర్ల పందెం పెడతా. ముందొచ్చినదాన్ని పంపుతా. నువ్వు కాకపోతే మంచం ఖాళీ చెయ్యి జెరూటో. గేటు బయట ఇరవైమంది పిల్లలు నిలబడున్నారు."

అప్పటికి ఆ ఇంట్లో ఆమెను దాటగలిగేవాళ్ళు లేరు. ఫిబ్రవరిలో జెమెలీ వచ్చింది. కెరియో లోయ అంచున ఆవుల్ని మేపుకునే ఇంటి పిల్ల, ఇరవై ఏళ్ళు. కాళ్ళు నేలను ముట్టుకుంటున్నాయో లేదో తెలియనట్టు పరుగెత్తేది. సిర్మా ఆ పిల్లను జెరూటో గదిలోనే రెండో మంచం మీద పడేశాడు. పెద్దదానివి, చూసుకో అన్నాడు. జెరూటో చూసుకుంది. ఎలా చూసుకుందో చెప్పడానికే ఈ కథ.

శనివారం పొద్దున్నే వరండాలో తూకం ఉండేది. గోడకు నల్లబల్ల, దాని కింద తూకం యంత్రం, పక్కన కుర్చీలో సిర్మా. ఆయన పొట్ట బెల్టు మీదుగా వేలాడుతూ ఉండేది, దాన్ని తూచే ధైర్యం ఎవరికీ లేదు. కిలో తగ్గితే నిమిషం తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. అది ఎక్కడ చదివాడో, ఎవరు చెప్పారో ఆ మహానుభావుడికే తెలియాలి. నెలసరి రాని పిల్లల్ని పిలిచి, దిగులు పడొద్దు, ఇంజను వేడెక్కిందని అర్థం అని భుజం తట్టేవాడు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళున్నారు. వాళ్ళను మాత్రం పరుగుకు పంపలేదు.

"జెమెలీ, నలభై మూడున్నర. చూశారా, చూసి బుద్ధి తెచ్చుకోండి." సుద్దముక్కతో బల్ల మీద రాశాడు. "జెరూటో, యాభై ఒకటి. నువ్వు పరుగుకొచ్చావా, పెళ్ళిభోజనానికొచ్చావా?"

అందరూ నవ్వారు. జెమెలీ కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నగా. మిగతావాళ్ళ నవ్వులు జెరూటోకు పట్టలేదు. ఆ చిన్న నవ్వు మాత్రం కడుపులో దిగబడిపోయింది.

జెమెలీ తల్లి తప్కిగెన్ ప్రతి ఆదివారం మటాటు వ్యానులో కూతురికి ముర్సిక్ పంపేది. సొరబుర్ర లోపల బొగ్గుపొడి పూసి, కాచిన పాలు పోసి, రోజుల తరబడి పులియబెట్టిన పాలవి. బూడిద రంగులో, పుల్లగా, పొగవాసనతో ఉంటాయి. బలం కావాలంటే అక్కడివాళ్ళు మందుల కొట్టుకు పోరు, ఆ బుర్ర దించుతారు. గెలిచొచ్చినవాళ్ళకు మొదట నోటికందించేదీ అదే. ప్రతి ఆదివారం నిండుబుర్ర వచ్చేది, పాత బుర్ర ఖాళీగా వెనక్కి పోయేది. ఖాళీబుర్ర చేతికందితే తల్లికి అంతకన్నా ఉత్తరం అక్కర్లేదు, పిల్ల తాగింది, బాగుంది అని.

మార్చిలో ఒకరోజు జెరూటో నీళ్ళ తొట్టి వెనక్కి బట్టలారేయడానికి వెళ్ళింది. జెమెలీ గొంతుక్కూర్చుని బుర్ర వంచి బాస్కో గిన్నెలోకి పాలు పోస్తోంది. చప్పుడుకు తలెత్తి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పాడైపోయాయి అక్కా. బాగా పులిసిపోయాయి."

జెరూటో వంగి, బుర్ర మూతికి అంటుకున్న పాలు వేలితో తీసి నాకింది. ఎంత బాగున్నాయో. ఆ చేతిలో ఏదో ఉంది, ఆ తల్లి చేతిలో.

"అవును," అంది. "పాడైపోయాయి."

అంతే. ఒక్క మాట. ఆ మాటతో ఇద్దరూ ఒకే దొంగతనంలోకి దిగారు.

తెలియక అన్నదైతే క్షమించొచ్చు. జెరూటోకు ఆ జబ్బు అణువణువూ తెలుసు. ఆమె కూడా ఇరవై ఏళ్ళప్పుడు సంకటి ముద్ద మేజోడులో దాచి పారేసినదే. రెండేళ్ళు నెలసరి రాలేదు. పాదంలో ఎముక పుటుక్కున విరిగినప్పుడు ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది, తిండి ఆపితే ఒళ్ళు ఎముకను తింటుందని. ఏడాదిపాటు ఏడుస్తూ తిన్నది. తిన్నాక మునుపటికన్నా వేగంగా పరుగెత్తింది. అందుకే జెమెలీ చేతుల మీద, తిండి లేని ఒంటికి వచ్చే నూగు మొలవడం చూసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో జాకెట్ విప్పకపోవడం చూసింది. వంట వంతు అందరిదీ తనే లాక్కోవడం చూసింది. ఉగాలి సంకటి తిప్పినవాళ్ళు ఆఖరున తినాలని ఆ ఇంట్లో నియమం. ఆఖరున ఎవరూ పక్కన ఉండరు కదా. ఎంత మంచిపిల్ల, అందరి పనీ నెత్తినేసుకుంటుంది అని మిగతా నలుగురూ మెచ్చుకునేవాళ్ళు. జెరూటో కూడా తలూపేది.

ఎవరికి చెప్పాలి? సిర్మాకు చెబితే చప్పట్లు కొడతాడు. తల్లికి చెప్పొచ్చు. ఒక్క కబురు చాలు, ఆమె తర్వాతి వ్యానులో దిగి కూతుర్ని ఇంటికి లాక్కుపోయి, కూర్చోబెట్టి తినిపిస్తుంది. అప్పుడు? అక్కడే జెరూటో ఆలోచన ఆగిపోయేది. తిననప్పుడే అందనంత దూరంలో ఉంటోంది ఈ పిల్ల. తిన్న జెమెలీని ఎవరూ పట్టుకోలేరు.

జూలైలో జెమెలీకి కుడి గజ్జలో నొప్పి మొదలైంది. గదిలో గోడకానుకుని మందు రుద్దుకుంటోంది. జెరూటో ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తింటోంది, సంకటి, ఆకుకూర, రెండు గుడ్లు.

"ఏమైందే?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే డబ్బా సగం ఎందుకైపోయింది?"

"నా డబ్బా నా ఇష్టం. నువ్వు నావైపు చూడకక్కా. పొద్దస్తమానం చూస్తానే ఉంటావు. నీ ప్లేటు నువ్వు చూసుకో. ముద్ద మీద ముద్ద. ఆ వయసులో అదంతా ఎక్కడికి పోతుందో తెలియదా?"

జెరూటో నమలడం ఆపింది. ఆ గజ్జ నొప్పి ఏమిటో చెప్పడానికి అదే సమయం. ఆగిపో, ఆ ఎముక విరగబోతోంది, నాకు విరిగింది, అని నాలుగు మాటలు అంటే సరిపోయేది. నోరు తెరిచింది కూడా.

"తొడలు కాస్త లావైనట్టున్నాయే నీకు," అంది. "అద్దంలో చూసుకున్నావా ఈమధ్య?"

ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అంది. జెమెలీ మందు డబ్బా మూత బిగించింది. లేచి, జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కుని, బూట్లు కట్టుకుని బయటికి పోయింది. ఆ రోజు మూడోసారి పరుగెత్తింది. కిటికీలోంచి జెరూటో చూస్తూ రెండో గుడ్డు తిన్నది. పాపిష్టిది, ఉప్పు చల్లుకుని మరీ తిన్నది.

ఆగస్టులో పిల్లకు జ్వరమొచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. బుర్ర మూలన అలాగే నిండుగా ఉండిపోయింది. ఆదివారం పొద్దున వ్యాను బయల్దేరే వేళయింది. నిండుబుర్ర వెనక్కి పోతే తల్లి ఆ వ్యానులోనే ఎదురొస్తుంది. పందేనికి ఇంకా మూడు వారాలుంది.

జెమెలీ కళ్ళు తెరిచి, లేవబోయి, లేవలేక, జెరూటో వైపు చూసింది. జెరూటోనే లేచి బుర్ర తీసుకుని తొట్టి వెనక్కి వెళ్ళింది. మార్చి నుంచి చూస్తూ ఊరుకుంది, ఇప్పుడు తన చేత్తో వంచింది. బాస్కో గిన్నె దగ్గర ముందే నిలబడి ఉంది.

తర్వాత ఏం చేసిందంటే, చూడండి ఆ చేతులకు పట్టిన అలవాటు. చిన్నప్పుడు పొరుగింటి బుర్ర మురికిగా వెనక్కిచ్చిందని తల్లి వీపు చిట్లగొట్టింది. పరాయివాళ్ళ పాలబుర్ర ఉత్తగా కడిగి పంపితే ఆ ఆడదానికి పెంపకం లేదని లెక్క. జెరూటో ఈనెల కుంచె దొరకబుచ్చుకుని లోపలంతా రుద్దింది. వంటింటి పొయ్యిలోంచి నిప్పుకట్టె తెచ్చి, పొగబెట్టి, బొగ్గు పొడిచేసి, లోపల గోడంతా నున్నగా మసి పూసింది. తోలుమూత బిగించి డ్రైవరు చేతికిచ్చింది. పని శుభ్రంగా చేశానని కాస్త గర్వపడింది కూడా.

సెప్టెంబరు మొదటి శనివారం, ఎర్రమట్టి రోడ్డు మీద పందెం. ఇరవై కిలోమీటర్ల దగ్గర జెమెలీ మూడొందల మీటర్లు ముందుంది. జెరూటోకు ఆ పసుపుపచ్చ చొక్కా తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. అయిపోయింది, మంచం ఖాళీ చేయాలి, తల్లి ఇంటికి పోయి బంగాళాదుంపలు తవ్వుకోవాలి అనుకుంటూ పరుగెత్తుతోంది. ఇరవై నాలుగు దగ్గర ఎత్తు మొదలైంది. పసుపు చొక్కా ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. కుడికాలు వంకరగా పడుతోంది. మూడొందలు రెండొందలైంది, వంద అయింది. జెరూటోకు ఊపిరాడనంత ఆనందం. అవును, ఆనందమే, దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

జెమెలీ పడిపోయింది. కేక వేయలేదు. రోడ్డు మధ్యలో కూర్చుండిపోయి, తొడను రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరిగి చూసింది.

"అక్కా."

చెయ్యి చాచింది. జెరూటో ఆ చెయ్యి తగలకుండా రోడ్డు అంచుకు జరిగి, గడియారం చూసుకుని, దాటిపోయింది. వెనకాల సిర్మా వ్యాను వస్తోంది కదా, వాళ్ళే చూసుకుంటారులే అనుకుంది. ఆరు కిలోమీటర్లూ అదే అనుకుంటూ పరుగెత్తింది. మొదట వచ్చింది.

ఎల్డోరెట్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఇది ఇరవై ఏళ్ళ పిల్ల ఎముకా, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ ఎముకా అని డాక్టరు అడిగాడట. సిర్మా తిరిగొచ్చి, ఆ పిల్లకు అదృష్టం లేదు అన్నాడు. నల్లబల్ల మీద జెమెలీ పేరును చొక్కా చేతితోనే తుడిచేశాడు. అదృష్టమట.

పది రోజుల తర్వాత తప్కిగెన్ కూతురి సామాను కోసం వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకున్న మనిషి. ఆసుపత్రినుంచి నేరుగా వచ్చింది, భుజాన నిండుబుర్ర వేలాడుతోంది. పిల్ల అక్కడ కూడా తాగలేదన్నమాట. వరండాలో జెరూటో ఒక్కతే ఉంది.

"నువ్వేనా జెరూటో? నా పిల్ల గదిలో ఉండేదానివి?"

"అవునమ్మా. కూర్చోండి. టీ పెడతాను."

"టీ వద్దు."

అప్పుడు బాస్కో లేచింది. సిర్మా వచ్చినా లేవని కుక్క, పొట్ట ఊపుకుంటూ వాకిలంతా దాటి వచ్చి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, బుర్ర వైపు చూస్తూ కుయ్యికుయ్యిమంది. తోక నేలకేసి కొడుతోంది.

తప్కిగెన్ కదలకుండా నిలబడింది.

"ఈ కుక్కకు నా బుర్ర ఎలా తెలుసు?"

"కుక్క కదమ్మా. పాలవాసన పట్టుంటుంది."

"మీ వంటింట్లో పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. నాకే వాసనొస్తోంది. ఇది అటు చూడట్లేదు."

గొంతుక్కూర్చుంది. ఆవుల్ని చూసే మనిషి కదా, చూపుతోనే సగం పట్టేసింది. కుక్క మెడ దగ్గర మడత పట్టుకుని చూసింది, వీపు మీద అరచెయ్యి నొక్కి చూసింది, పొట్ట కింద తడిమింది. వారం వారం తన చేత్తో పితికి కాచిన పాలన్నీ అక్కడున్నాయి. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"ఆగస్టులో ఒక బుర్ర మసి పూసి వచ్చింది," అంది తలెత్తకుండా. "నా కూతురికి మసి పూయడం రాదు. ఎన్నిసార్లు నేర్పినా పరుగు పరుగంటూ పారిపోయేది. ఉత్త నీళ్ళతో కడిగి పంపేది ఎప్పుడూ. ఆ బుర్ర చూసి నా పిల్ల పెద్దదైందనుకున్నాను. ఊరందరికీ మూత తీసి చూపించాను. పూసింది నువ్వా?"

కాదనొచ్చు. కానీ ఆ పని ఇంకెవరూ చేసి ఉండరని ఇద్దరికీ తెలుసు. మిగతా నలుగురూ పట్నంలో పుట్టిపెరిగిన పిల్లలు, కుంచె ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు.

"నేనేనమ్మా. పిల్లకు జ్వరంగా ఉంటేనూ."

"జ్వరంగా ఉందా?"

"నాలుగు రోజులు."

"నాలుగు రోజులు జ్వరమున్న పిల్ల బుర్ర నిండా పాలు తాగిందా?"

ఆమె తిడుతుందని, చెంప పగలగొడుతుందని జెరూటో ఎదురుచూసింది. కొడితే బాగుండనిపించింది. తప్కిగెన్ లేచి, గదిలోకి పోయి, కూతురి సంచి తెచ్చుకుంది. బాస్కో గేటు దాకా వెంటపడింది. అక్కడ తప్కిగెన్ ఆగి వెనక్కి తిరిగింది.

"వెళ్ళి గెలిచి రా అమ్మాయీ. నేను విమానం దగ్గరికి వస్తాను."

ఆ నెలంతా సిర్మా జెరూటోను వదల్లేదు. నలభై ఎనిమిది కిలోలకు రావాలన్నాడు. ఇంతకుముందు ఆ మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంటే గజ్జ పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న పిల్ల కనిపించేది. సగం ప్లేటు తొట్టి వెనక గిన్నెలో పోయడం మొదలుపెట్టింది. బాస్కో ఆమెను కూడా గుర్తుపట్టడం నేర్చుకుంది. మూడో శనివారానికి నలభై ఎనిమిదిన్నర. సిర్మా చప్పట్లు కొట్టించాడు.

అక్కడ, ఆ చలిదేశంలో, రెండో స్థానం వచ్చింది. పతకం మెడలో వేసుకుని ఎల్డోరెట్‌లో విమానం దిగేసరికి బయట జనం. ఆడవాళ్ళు పాడుతున్నారు, సిర్మా కొత్త కోటు వేసుకుని ముందు నిలబడ్డాడు, జెరూటో తల్లి ఆమె కూతుర్ని ఎత్తుకుని చెయ్యి ఊపిస్తోంది. పెద్దావిడెవరో ఒకరు వచ్చి బుర్ర నోటికందించాలి. ఒక గుక్క తాగితే ముచ్చట తీరుతుంది. వద్దనకూడదు. వద్దంటే ఆ ఆవునూ, ఆ ఇంటినీ, ఆ చేతినీ అవమానించినట్టు.

జనాన్ని తోసుకుని వచ్చింది తప్కిగెన్. అవే రబ్బరు బూట్లు. చేతిలో నల్లగా మెరుస్తున్న బుర్ర, మెడకు పూసలు చుట్టి ఉంది. కూతురి గెలుపు కోసం చుట్టిన పూసలవి. దారిచ్చి అందరూ ఇంకా గట్టిగా పాడారు.

ఆమె మూత తీసి బుర్రను జెరూటో పెదాలకు ఆనించింది. జెరూటో ఒక గుక్క మింగి తల వెనక్కి తీసుకోబోయింది. బుర్ర కదల్లేదు. రెండో చెయ్యి జెరూటో మెడ వెనక పడింది, దూడకు మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టు.

"మొత్తం తాగు," అంది, పక్కవాళ్ళకు వినపడకుండా. "నా పిల్ల కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇంకా తాగట్లేదు. నేను పెడితే మొహం తిప్పుకుంటుంది. ఈ పాలు ఎవరో ఒకరు తాగాలి. ఖాళీబుర్ర పంపడం నీకు అలవాటేగా."

జెరూటో తాగింది. పుల్లగా, పొగవాసనతో, చిక్కగా, ఎంతకీ అవ్వడం లేదు. నెలరోజులుగా ముడుచుకుపోయిన కడుపు తిప్పేస్తోంది. గడ్డం మీదుగా కారి పతకం మీద పడింది. ఆమె ఎంత గట్టిగా మింగితే జనం అంత గట్టిగా పాడారు. చూడండి, మన ఆడపిల్ల ఎలా తాగుతోందో, దానికి బలం అక్కడినుంచే వచ్చింది అని సిర్మా ఎవరికో చెబుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అందరూ ఆనందబాష్పాలనుకున్నారు.

తప్కిగెన్ బుర్ర తీసుకుని తలకిందులు చేసి చూసింది. చుక్క రాల్లేదు. మూత పెట్టలేదు. తిరిగి జెరూటో చేతిలోనే పెట్టింది.

"మసి పూసి పంపు," అంది. "ఆదివారం వ్యానులో నిండుది వస్తుంది."